కుక్క విషం తిన్నదన్న అనుమానం వస్తే: ఒడిశా సరిహద్దు ఊళ్లవారికి మొదటి గంట మార్గదర్శి

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ చుట్టుపక్కల పత్తికి మందు కొట్టే రోజులు వచ్చాయంటే కుక్కలున్న ఇళ్లలో భయం మొదలవుతుంది. గట్టు మీద వదిలేసిన మందు డబ్బా, అడవిపందుల కోసం బెల్లంలో కలిపి పెట్టిన గుళికలు, ధాన్యం బస్తాల పక్కన ఎలుకలకు పెట్టిన కేకు ముక్క. వీటన్నిటినీ కుక్క ముక్కు వెతికి పట్టుకుంటుంది. పశువుల ఆసుపత్రి చాలా ఊళ్లకు దగ్గరలో లేదు. ఉన్నచోట కూడా రాత్రిపూట తలుపు తీసేవాళ్లు ఉంటారని నమ్మకం లేదు. అందుకే ఇంట్లోవాళ్లు చేతికందిన మజ్జిగో, ఉప్పునీళ్లో నోట్లో పోసేస్తారు. ప్రేమతో చేసే ఆ పనే చాలాసార్లు కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. నేను ఈ మార్గదర్శి రాయడానికి ముఖ్య కారణం అదే. నోట్లో ఏమీ పొయ్యకుండా, తిన్నదేమిటో పట్టుకుని, వీలైనంత త్వరగా వైద్యుడి దగ్గరికి చేరడమే మన పని. మిగతాదంతా ఆ పని సరిగ్గా ఎలా చేయాలన్నదే.

ముందు అనుమానం రావాలి

పొద్దున్న బాగానే తిరిగిన కుక్క ఒక్కసారిగా తేడాగా కనిపిస్తే విషాన్ని తలచుకోవాలి. జబ్బులు సాధారణంగా ఒకటి రెండు రోజులు మందకొడితనం చూపించి ముదురుతాయి. విషం చాలావరకు నిమిషాల్లో, గంటల్లో బయటపడుతుంది. నోటి వెంట ధారగా చొంగ, వరుసగా వాంతులు, తాగినట్టు తూలడం, భుజాల దగ్గర, తొడల దగ్గర కండరాలు అదరడం, ఊపిరి బరువుగా తీయడం, పిలిస్తే పట్టించుకోకపోవడం, ఫిట్స్. వీటిలో ఏ రెండు కలిసి వచ్చినా ఆగి చూసే సమయం కాదు. కుక్క మామూలుగానే ఉన్నా, మందు పొట్లం చించి ఉన్నట్టు కనిపించిందంటే అది కూడా అత్యవసరమే. లక్షణాలు వచ్చేదాకా వేచి చూడకండి.

కుక్క ప్రశాంతంగా ఉంటే మూడు చోట్ల చూడండి. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయినా, నీలంగా మారినా, మట్టి రంగుకు తిరిగినా ప్రమాదమే. తర్వాత కనుపాపలు: వెలుతురు తక్కువగా ఉన్నా ఆవగింజంత చిన్నవై ఉన్నాయా, లేక బాగా పెద్దవై ఉన్నాయా? చివరిగా ఊపిరి: విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. ఫోన్‌లో వైద్యుడు అడిగేవి దాదాపు ఇవే.

మొదటి ఐదు నిమిషాలు

కుక్కను ఆ చోటు నుంచి పక్కకు తీసుకెళ్లి గొలుసు వేయండి. ఇంట్లో వేరే కుక్కలు, పిల్లులు, కోళ్లు ఉంటే వాటినీ దూరం పెట్టండి. ఒక కుక్క తిన్నదాన్నే ఇంకోటీ తిని ఉండవచ్చు.

మీ చేతులకు గ్లవ్స్ తొడుక్కోండి. లేకపోతే ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి. పురుగుమందు కుక్క చొంగ నుంచీ, వాంతి నుంచీ మనిషి చర్మంలోకి దిగగలదు. కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. నొప్పితో, భయంతో ఉన్న కుక్క తన యజమానినైనా కరుస్తుంది. పైగా చొంగ కార్చే ప్రతి కుక్కా విషం తిన్నదే కానక్కర్లేదు, రేబీస్ కూడా అలాగే కనిపించవచ్చు. టీకా వేయించని కుక్క, వీధి కుక్క విషయంలో ఇది ఒక్క క్షణం కూడా మరచిపోకూడదు. దాని చొంగ మీ చేతి గాయానికి తగిలినా, అది కరిచినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబీస్ టీకా మొదలుపెట్టించుకోండి.

ఒకరు కుక్క దగ్గర ఉంటే ఇంకొకరు వెతకాలి. డబ్బా, పొట్లం, కేకు ముక్క, కొరికిన మొక్క, ఏది దొరికినా కవర్లో వేయండి. లేబుల్‌కు ఫోటో తీయండి. మన దేశంలో అమ్మే పురుగుమందు లేబుల్ మీద డైమండ్ ఆకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే ఆ తర్వాతది, తరువాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. బ్రాండు పేరు కన్నా అసలు మందు పేరు, దాని శాతం ముఖ్యం. "క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఈసీ" అని చదివి చెప్పగలిగితే వైద్యుడికి సగం దారి దొరికినట్టే. విరుగుడు ఏమిటో కూడా లేబుల్ మీదో, లోపలి కాగితం మీదో రాసి ఉంటుంది. వాంతి చేసుకుంటే రెండు చెంచాలంత గాజు సీసాలో ఎత్తి మూత పెట్టండి.

నోట్లో పోయకూడనివి

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. "బాబూ, ముందు కాస్త మజ్జిగ పట్టించు" అనే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్లు చెడు కోరి చెప్పరు. కానీ వణుకుతూ, సగం స్పృహలో ఉన్న కుక్క సరిగా మింగలేదు. పోసింది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం నుంచి బయటపడిన కుక్క కూడా దానివల్ల వచ్చే న్యుమోనియాతో చనిపోవచ్చు.

పాలు, నెయ్యి, నూనె, ఆముదం: కొన్ని విషాలు కొవ్వులో కరుగుతాయి. ఎలుకల పేస్టులో ఉండే పచ్చ భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) అలాంటిదే. పాలు పడితే అది ఒంట్లోకి ఇంకా తేలిగ్గా చేరుతుంది. ఉప్పునీళ్లు: వాంతి కాకపోతే ఆ ఉప్పే రక్తంలో చేరి మెదడు వాపు, ఫిట్స్ తెస్తుంది. చింతపండు పులుసు, పేడనీళ్లు, సబ్బునీళ్లు వేటికీ విరుగుడు గుణం లేదు. పొయ్యిలో బొగ్గు నూరి పోస్తే అది ఆసుపత్రిలో ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్‌లా పని చేయదు. ఆసుపత్రిలో ఇచ్చేది విషాన్ని పట్టి ఉంచేలా ప్రత్యేకంగా తయారుచేసిన పొడి. అన్నం పెట్టడం కూడా వద్దు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు తిన్న కుక్క కడుపులో ఆహారం పడితే ఆమ్లం ఊరి విషవాయువు ఎక్కువవుతుంది.

ఫోన్ చేసి చెప్పాల్సినవి

బయల్దేరే ముందే, లేదా బయల్దేరుతూనే ఫోన్ చేయండి. కుక్క బరువు సుమారుగా ఎంత, ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, ఇప్పుడు ఎలా ఉంది. ఈ ఐదూ ఒక్క గుక్కలో చెప్పగలగాలి. ఎప్పుడు తిన్నదో తెలియకపోతే చివరిసారి బాగా కనిపించిన సమయం చెప్పండి. ఎట్రోపిన్ ఇంజెక్షన్లు ఉన్నాయా అని కూడా అడగండి. పురుగుమందు కేసుకు అవి చాలా పడతాయి. లేకపోతే దారిలో ఏ మెడికల్ షాపులో కొనాలో వైద్యుడే చెప్పి చీటీ ఏర్పాటు చేస్తారు.

సంచార పశువైద్య వాహనాల టోల్ ఫ్రీ నంబరు 1962. ఒడిశాలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే నంబరు. కానీ పర్లాకిమిడి లాంటి చోట్ల ఫోన్ ఏ వైపు టవర్ పట్టుకుంటుందో చెప్పలేం కాబట్టి మాట కలవగానే రాష్ట్రం, జిల్లా, ఊరు పేరు చెప్పండి. ఆ సేవ ప్రధానంగా పాడి పశువుల కోసం. కుక్క కోసం బండి రాకపోయినా పశువైద్యుడి సలహా దొరికే అవకాశం ఉంది. రాత్రివేళ దాని మీద ఆధారపడకండి. ఒడియా బాగా రానివాళ్లు ఆసుపత్రిలో "కుకురొ బిషొ ఖాఇదేఇఛి" అంటే చాలు, లోపలికి రమ్మంటారు.

వాంతి చేయించాలా?

వైద్యుడు చెబితేనే. తిని రెండు గంటలు దాటకుండా, కుక్క పూర్తి స్పృహలో ఉండి, ఏ లక్షణమూ మొదలవకపోతేనే దానివల్ల ప్రయోజనం. మత్తుగా ఉన్నా, వణుకుతున్నా, అప్పటికే వాంతులవుతున్నా వద్దు. కిరోసిన్, పెట్రోలు, యాసిడ్, టాయిలెట్ క్లీనర్ తాగితే వద్దు. నూనెలాంటి ద్రవంలో కలిపి అమ్మే ఈసీ రకం పురుగుమందులకూ వద్దు, ఆ ద్రవం తిరిగి పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలకూ ఇది ప్రమాదం.

వైద్యుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించమంటే ఒక జాగ్రత్త. కుక్కలకు వాడేది 3 శాతం ద్రావణం. మన మెడికల్ షాపుల్లో దొరికే సీసా మీద తరచుగా 6 శాతం, 20 వాల్యూమ్ అని ఉంటుంది. అలా ఉంటే సమానంగా నీళ్లు కలపాలి. 3 శాతం ద్రావణం కిలో బరువుకు సుమారు 1 మి.లీ., ఎంత పెద్ద కుక్కకైనా 45 మి.లీ. మించకూడదు. చెంప పక్కనుంచి కొద్దికొద్దిగా సిరంజితో ఇవ్వాలి. సీసా మీద ఎంత శాతమో ఫోన్‌లోనే చదివి చెప్పి, ఆయన ఎంతంటే అంతే ఇవ్వండి. పిల్లులకు ఇది అసలు వాడకూడదు.

ఒంటి మీద పడిన విషం, ఫిట్స్

మందు ఒంటి మీద పడితే గ్లవ్స్ వేసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. నూనె రాయకండి. తుడిచి, పొడి గుడ్డ కప్పి, తనను తాను నాక్కోకుండా చూడండి. పరిస్థితి విషమంగా ఉంటే స్నానం కోసం ఆగకుండా బయల్దేరండి.

ఫిట్స్ వస్తే పట్టుకుని అదిమిపెట్టవద్దు, నోట్లో చెంచా పెట్టవద్దు, దాని కాలికి తాళాలు తాకించడం వల్ల ప్రయోజనం లేదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, లైటు ఆర్పి, అందరినీ మాట్లాడవద్దనండి. ముష్టి చెట్టు గింజల విషంలో చిన్న చప్పుడుకే కుక్క కొయ్యబారిపోతుంది. ఫిట్ తగ్గగానే పక్కకు పడుకోబెట్టి, చొంగ బయటికి కారేలా మూతి కాస్త కిందికి ఉంచండి.

బండిలో కూడా అలాగే పక్కకు పడుకోబెట్టాలి. వాంతి వచ్చే కుక్క మూతి కట్టకండి. ఎలుకల మందు అనుమానం ఉంటే అద్దాలన్నీ దించే ఉంచండి. జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్క వాంతి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మూసిన కారులో మనుషులనూ పడేస్తుంది. ఎవరికైనా తల తిరిగినా, దగ్గు వచ్చినా బండి ఆపి దిగి 108కి ఫోన్ చేయాలి.

ఏ విషం ఎలా కనిపిస్తుంది

మన వైపు ఎక్కువగా భయపడాల్సింది పురుగుమందులకే. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ ఒక కుటుంబం. కార్బోఫ్యురాన్ గుళికలు దానికి దగ్గరి చుట్టం. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. అయినా పాత పొట్లం ఏ అటకమీదో మిగిలి ఉంటే విషం విషమే. వీటి గుర్తులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి: చొంగ, కన్నీళ్లు, వాంతి, విరేచనం, తెలియకుండానే మూత్రం, చిన్నబడ్డ కనుపాపలు, కండరాల అదురు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు గురగుర. వీటికి మంచి విరుగుడు ఉంది. ఎట్రోపిన్ చొంగనూ, ఊపిరి ఇబ్బందినీ ఆపుతుంది. ఎసిఫేట్, క్లోర్‌పైరిఫాస్ లాంటివైతే ప్రాలిడాక్సైమ్ కూడా ఇస్తారు, అది ఎంత త్వరగా పడితే అంత మేలు. సమయానికి చేరిన కుక్కలు లేచి తిరుగుతాయి. అందుకే వీటి విషయంలో ఆశ వదులుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఎలుకల మందులు మూడు రకాలు, మూడింటికీ దారి వేరు. నల్లటి బూడిద రంగు పొడి జింక్ ఫాస్ఫైడ్. తిన్న పావుగంట నుంచి నాలుగు గంటల్లో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. నోటి నుంచి వెల్లుల్లి లేదా కుళ్లిన చేప వాసన. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలకు వైద్యం చేస్తారు. పేస్టు రూపంలో వచ్చే పచ్చ భాస్వరం ఇంకా మోసకారి. మొదట వాంతులై, తర్వాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టు కనిపించి, ఆపై కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి. "తగ్గిపోయింది కదా" అని ఇంటికి తెచ్చేసేది ఈ కేసుల్నే.

మూడోది నీలం, ఆకుపచ్చ రంగు కేకుల్లో ఉండే బ్రోమాడయోలోన్. ఇది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. కుక్క రెండు మూడు రోజులు మామూలుగా తింటుంది, ఆడుతుంది. తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, దగ్గు, ఆయాసం, నల్లటి విరేచనం, ఒక కాలు కుంటడం కనిపిస్తాయి. లోపల ఎక్కడ రక్తం కారితే అక్కడి లక్షణం బయటికి వస్తుంది. విరుగుడు విటమిన్ కె1. షాపులో కె3, అంటే మెనడయోన్, చేతిలో పెడితే తీసుకోకండి. అది ఈ విషానికి పనికిరాదు. కె1ను మూడు నాలుగు వారాలు, కాస్త కొవ్వున్న ఆహారంతో ఇవ్వాలి. కోర్సు ఆపిన 48 నుంచి 72 గంటల తర్వాత రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాలి. నాలుగో రోజుకే బాగుందని మందు ఆపిన ఇళ్లలో కుక్క రెండో వారంలో పోవచ్చు.

పిడుదుల మందు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆవులకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ ద్రావణాన్ని సరిగా నీళ్లు కలపకుండా కుక్క ఒంటికి పూయడం ఇక్కడ చాలామంది చేసే పని. మొదటి రెండింటికి వణుకు, ఫిట్స్ వస్తాయి. అమిట్రాజ్‌కు మత్తు, గుండె నెమ్మదించడం. వెంటనే కడిగి తీసుకెళ్లాలి.

అడవి వైపు ముష్టి గింజలు ఉన్నాయి, ఒడియాలో కొచిలా అంటారు. పావుగంట నుంచి రెండు గంటల్లో కాళ్లు బిగుసుకుని, మెడ వెనక్కి వాలి, చప్పుడుకీ తాకుడికీ మూర్ఛలు వస్తాయి. గన్నేరు, పచ్చ గన్నేరు గుండె లయను పాడుచేస్తాయి. ఉమ్మెత్త తింటే కనుపాపలు పెద్దవై, నోరు ఎండిపోతుంది. అది పురుగుమందు లక్షణాలకు పూర్తిగా ఎదురు. పూలకుండీలకు వేసే ఆముదపు పిండిని కుక్కలు ఇష్టంగా నాకుతాయి. గంటల తర్వాత రక్త విరేచనాలు పట్టుకుంటాయి. వానాకాలంలో గోదురు కప్పను నోట కరిస్తే నురగ వస్తుంది. అప్పుడు మాత్రం తడిగుడ్డతో చిగుళ్లను బయటివైపు తుడవవచ్చు, కుక్క కరవదనుకుంటేనే.

ఇంట్లోనివి: చాక్లెట్, ఎండుద్రాక్ష, షుగర్ ఫ్రీ బిళ్లల్లోని జైలిటాల్, ఎక్కువ మోతాదులో ఉల్లి, వెల్లుల్లి. జ్వరమని వేసే పారాసిటమాల్, నొప్పికి వేసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఇందులోకే వస్తాయి. పారాసిటమాల్ ఎక్కువైతే చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి.

విషంలా కనిపించే జబ్బులు

పాముకాటులో మూతి లేదా కాలు వాస్తుంది. కట్లపాము కాటైతే వాపు కూడా ఉండకపోవచ్చు, కాళ్లు చచ్చుబడతాయి. టీకా లేని కుక్కపిల్లకు రక్త విరేచనాలైతే పార్వో వైరస్ జబ్బు కావచ్చు. పాలిస్తున్న తల్లి కుక్క వణికితే కాల్షియం తగ్గి ఉండవచ్చు. మే నెల ఎండలో ఆయాసం, తూలడం వడదెబ్బ లక్షణాలు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులో తల, దవడ అదురుతాయి. ఇవన్నీ ఏమిటో తేల్చడం మన పని కాదు. కానీ "విషమే" అని పట్టుబట్టకుండా చూసింది చూసినట్టు చెబితే వైద్యుడు తప్పుదారి పట్టరు.

ఇంటికి వచ్చాక

పురుగుమందు కేసులో మొదటి రోజు గట్టెక్కినా తరువాతి మూడు నాలుగు రోజులు మెడ నిలపలేకపోవడం, కాళ్లు బలహీనపడటం వస్తే తిరిగి తీసుకెళ్లాలి. తిండి ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుణ్ణి అడగండి. మూత్రం వస్తోందా, చిగుళ్ల రంగు ఎలా ఉంది, కళ్లు పచ్చబడ్డాయా అన్నది పొద్దునా సాయంత్రం చూసి ఒక కాగితం మీద రాసుకోండి.

ఎవరైనా కావాలని పెట్టారనిపిస్తే

వీధిలో రెండు మూడు కుక్కలు ఒకే పూట పడిపోతే అది ప్రమాదవశాత్తూ జరిగింది కాకపోవచ్చు. మాంసం ముక్క, పొట్లం దొరికితే గ్లవ్స్‌తో ఎత్తి, చోటుతో సహా ఫోటో తీసి దాచండి. జంతువులకు విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద నేరం, ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా వర్తిస్తుంది. ఘటన జరిగిన చోటి పోలీసు స్టేషన్లోనే ఫిర్యాదు ఇవ్వాలి. చనిపోయిన కుక్కను పాతిపెట్టే ముందే పోలీసు కోరికతో ప్రభుత్వ పశువైద్యుడి దగ్గర పోస్టుమార్టం చేయించండి. కడుపులోని పదార్థం, కాలేయం, మూత్రపిండం నమూనాలు పరీక్షకు వెళ్తాయి. ఆ తర్వాత కళేబరాన్ని లోతుగా పూడ్చాలి. పైన పడేస్తే దాన్ని తిన్న కాకులూ, ఇతర కుక్కలూ చనిపోతాయి.

విత్తనాలు వేసే ముందే చేసి పెట్టుకోవలసినవి

మీ ఊరి నుంచి ఒడిశా వైపు ఆసుపత్రి దగ్గరా, ఆంధ్ర వైపుది దగ్గరా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. రాయగడ వాళ్లకు పార్వతీపురం, పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం చేరువ. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఆదివారం, రాత్రి ఎవరు చూస్తారో ముందే వెళ్లి అడిగి నంబర్లు తలుపు వెనక అంటించండి. కుక్కను ఒకసారి తూకం వేయించి బరువు అక్కడే రాయండి. గ్లవ్స్, పెద్ద తువ్వాలు, మూత ఉన్న గాజు సీసా, సిరంజి, లిక్విడ్ సబ్బు ఒక సంచిలో ఉంచండి. రాత్రి ఏ ఆటో వస్తుందో కూడా మాట్లాడి పెట్టుకోండి.

మందు డబ్బాలు తాళం వేసిన పెట్టెలో, నేలకు ఎత్తుగా ఉండాలి. ఖాళీవాటిని గట్టున వదలకండి. ఎలుకలకు కేకు పెట్టక తప్పదంటే కుక్క మూతి దూరని పెట్టెలోనే పెట్టి, పొట్లాన్ని పారేయకుండా దాచండి. పక్క చేను రైతుకు పందుల కోసం ఎర పెట్టే ఉద్దేశం ఉందేమో అడిగి తెలుసుకోండి. ఉంటే ఆ రోజులన్నీ కుక్కను గొలుసుతోనే తిప్పండి.